నేల మీద చుక్క పడదు, రేడియేటర్‌లో నీరు మాత్రం తగ్గుతుంది

ప్రశ్న: మాది 2008 మోడల్ పది టైర్ల లారీ. చీమకుర్తి క్వారీల నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ బ్లాకులు తోలుతున్నాను. మూడు నెలలుగా ఒక ట్రిప్పు వెళ్లి వచ్చేసరికి రేడియేటర్‌లో రెండు లీటర్ల నీరు తగ్గుతోంది. బండి నిలిపిన చోట చుక్క కూడా కనిపించడం లేదు. ఇంజన్ ఆయిల్ రంగు మారలేదు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దించక తప్పదని మెకానిక్ అంటున్నారు. అంత ఖర్చు ఇప్పుడు పెట్టుకోలేను. ఏం చేయమంటారు?
– ఒక లారీ యజమాని, ప్రకాశం జిల్లా

జవాబు: హెడ్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీ మెకానిక్ అనుమానం నిజం కావచ్చు. కానీ చుక్క పడకుండా నీరు తగ్గడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, వాటిని చూసుకోవడానికి ఒక ఉదయం పూట చాలు.

మొదట రేడియేటర్ మూత చూడండి. మూత బిగువుగా పట్టి లోపల 0.9 బార్ దాకా ఒత్తిడి నిలిపితే, మామూలుగా 100 డిగ్రీలకు మరగవలసిన నీరు దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. మూత లోపలి రబ్బరు ఎండి పగిలినా, స్ప్రింగు సడలినా ఆ ఒత్తిడి నిలవదు. లోడు మీద ఎండలో పోతున్నప్పుడు నీరు మరిగి ఓవర్‌ఫ్లో పైపు గుండా దారి పొడవునా పోతుంది. బండి ఇల్లు చేరాక కింద తడి ఎక్కడుంటుంది? మూత మీద ముద్రించి ఉన్న ఒత్తిడికి సరిపోయే కొత్త మూత వేసి ఒక ట్రిప్పు చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లారకుండా మాత్రం మూత తీయవద్దు.

తరువాత రేడియేటర్ నోటికి బిగించి చేత్తో గాలి కొట్టే ప్రెషర్ టెస్టర్‌తో, మూత మీద ఉన్న అంకె దాటకుండా ఒత్తిడి ఎక్కించి, పావుగంట ముల్లును గమనించండి. ఈ పరీక్ష ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, టెస్టర్ తీయకుండానే ఇంజన్ వేడెక్కించి మరోసారి చేయాలి. ఎందుకంటే హోస్ క్లిప్పుల దగ్గర చల్లగా ఉన్నప్పుడే కారి, వేడెక్కాక రబ్బరు ఉబ్బి ఆగిపోయే లీకులు ఉంటాయి. అదే సమయంలో టార్చి వేసి వాటర్ పంపు అడుగు భాగం చూడండి. షాఫ్టు కింద పెసరగింజంత రంధ్రం ఒకటి ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీరు ఆ రంధ్రంలోంచే బయటపడాలని దాన్ని పెట్టారు. వేడి ఇంజన్ మీద ఆ నీరు నేలకు చేరకముందే ఆవిరైపోతుంది గానీ, బోరు నీటి ఉప్పు తెల్లటి చారగా మిగులుతుంది. ఆ చార కనబడితే మీ సమస్య పంపు సీలే.

బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు పడిపోతుంటే, నీరు లోపలికే పోతోంది. ఇక్కడ చాలామంది మరిచిపోయేది బ్రేకులకు గాలి ఇచ్చే కంప్రెషర్. ఇలాంటి లారీల్లో దాని హెడ్డుకు కూడా ఇంజన్ నీరే తిరుగుతుంది. దాని గ్యాస్కెట్ తెగితే ఒత్తిడి ఉన్న గాలి నీళ్లలోకి చొరబడి రేడియేటర్‌లో బుడగలు లేపుతుంది, నీటిని ఓవర్‌ఫ్లో వైపు తోసేస్తుంది. కొంత నీరు గాలి ట్యాంకులోకీ చేరుతుంది. ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి, స్టార్టు చేసి, నీటిని చూస్తూ ఉండండి. గాలి ట్యాంకులు నిండి గవర్నర్ (ట్యాంకుల ఒత్తిడిని అదుపు చేసే వాల్వు) గాలి వదిలిన వెంటనే బుడగలు ఆగిపోయి, బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి గాలి దిగగానే మళ్లీ మొదలైతే దోషం కంప్రెషర్‌దే. గాలి ట్యాంకు అడుగు కాక్ (కుళాయి) తిప్పి కూడా చూడండి: చెమ్మ నీరు కొద్దిగా రావడం సహజమే, కూలెంట్ (రేడియేటర్ నీటిలో కలిపే రంగు ద్రవం) రంగు నీరు రావడం సహజం కాదు. కంప్రెషర్ గ్యాస్కెట్ ఖర్చు ఇంజన్ హెడ్ పనిలో చిన్న భాగం మాత్రమే, కాబట్టి ఈ ఒక్క పరీక్ష తప్పక చేయించండి.

గవర్నర్‌తో సంబంధం లేకుండా బుడగలు వస్తూనే ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడితే, అప్పుడు హెడ్ గ్యాస్కెట్‌నే అనుమానించాలి. ఆయిల్ రంగు మారలేదన్నారు కాబట్టి, లైనర్ (పిస్టన్ కదిలే గొట్టం) చుట్టూ ఉండి నీరు ఆయిల్‌లోకి దిగకుండా ఆపే రబ్బరు రింగుల మీద నాకు అనుమానం తక్కువ. అయినా రాత్రంతా నిలిపిన బండి ఆయిల్ ఛాంబర్ అడుగు బోల్టును ఉదయాన్నే మెల్లగా వదులు చేయండి. నీరు ఆయిల్ కన్నా బరువు కాబట్టి, ఉంటే ముందు అదే వస్తుంది. హెడ్ దించవలసి వస్తే, అనుమానం ఉన్న లైనర్ లాగించి బయటి వైపు సూదిమొన గుంతలు చూడమనండి. ఏళ్ల తరబడి కూలెంట్ కలపకుండా వట్టి బోరు నీరు పోసిన ఇంజన్లలో అవి పడతాయి.

ప్రశ్న: దారిలో రేడియేటర్ కారితే పసుపు పోయమంటారు. పోయవచ్చా?
– ఒక డ్రైవర్, నల్గొండ

జవాబు: సూదిబెజ్జమంత లీకయితే, ఊరు చేరడానికి పోయవచ్చు. పసుపు నీటిలో ఉబ్బి ఆ బెజ్జంలో ఇరుక్కుంటుంది. అయితే అది రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అలాగే ఇరుక్కుని ఇంజన్‌ను వేడెక్కిస్తుంది, కాబట్టి చేరిన రోజే నీరంతా దించి, తేట నీరు వచ్చేదాకా కడిగించండి. పాత లారీల రాగి, ఇత్తడి రేడియేటర్‌కు మాటు వేయించుకునే వీలుంది. బెజ్జం ఉన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి తీసుకెళ్లండి.