అత్తయ్యని ఏ హోమ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మా మేనత్తకి 76 ఏళ్లు. తెనాలిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. పిల్లల్లేరు, మామయ్య పోయి చాలా ఏళ్లయింది. పోయినేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించి, హైదరాబాద్‌లో మా ఇంట్లోనే ఉంచుకున్నాం. వాకర్‌తో నడుస్తారు, షుగర్‌కి రెండు పూటలా ఇన్సులిన్. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకి వెళ్లిపోతే పగలంతా ఒంటరిగా ఉంటున్నారు, పెట్టిన ఆయాలు నెల కూడా నిలవడం లేదు. రెండు హోమ్‌లు చూశాం. ఒకటి శామీర్‌పేట వైపు, పెద్ద క్యాంపస్, తోట, గుడి, క్లబ్‌హౌస్, ఐదు లక్షల డిపాజిట్, నెలకి 55 వేలు. రెండోది కూకట్‌పల్లిలో మూడంతస్తుల ఇంటినే హోమ్‌గా మార్చారు, పాతికమంది దాకా ఉంటారు, నెలకి 34 వేలు, రెండు నెలల డిపాజిట్. మేముండేది మియాపూర్. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు డబ్బు తనే కడతానని, మొదటిదే ఖాయం చేయమని అంటున్నాడు. అత్తయ్యేమో ‘నన్నెక్కడో పడేస్తారా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చూసి తేల్చుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ అత్తయ్యకి ముందు కావాల్సింది రాత్రి రెండు గంటలప్పుడు లేచి బాత్రూం దాకా పట్టుకుని తీసుకెళ్లే మనిషి. తోట, క్లబ్‌హౌస్ ఆ తర్వాత సంగతి. వాకర్‌తో ఆ క్లబ్‌హౌస్ దాకా ఆవిడ ఎన్నిసార్లు వెళ్లగలరో మీ తమ్ముణ్ణి కాస్త ఆలోచించమనండి. నన్నడిగితే ముందు కూకట్‌పల్లిదాన్నే గట్టిగా చూడమంటాను, మియాపూర్ నుంచి ఆఫీసు అయ్యాక కూడా వెళ్లి రావచ్చు గనక. ఏ పూటైనా తమవాళ్లు చెప్పకుండా ఊడిపడే పెద్దవాళ్లని హోమ్ వాళ్లు కాస్త జాగ్రత్తగానే చూస్తారు, ఇది మొరటుగా ఉన్నా నిజం.

ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకోకండి. రాత్రి భోజనాల వేళకి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి వెళ్లండి. మీకు అన్నీ చూపించే మేనేజర్ ఆ టైములో ఉండడు, అదే మంచిది. ‘మొత్తం స్టాఫ్ ఎంతమంది’ అని అడిగితే పెద్ద నంబరే చెప్తారు, అందులో వంటవాళ్లు, డ్రైవరు, వాచ్‌మన్ అందరూ కలిసిపోతారు. ‘ఇవాళ రాత్రి అత్తయ్య ఉండే ఫ్లోర్‌లో డ్యూటీ ఎవరిది, వాళ్లు నర్సా ఆయానా, ఎక్కడ పడుకుంటారు’ అని అడగండి. వీలైతే ఆవిడకి ఇస్తామన్న గదిలో మంచం పక్కనున్న కాలింగ్ బెల్ నొక్కి కూర్చోండి. ఎవరైనా ఎంతసేపటికి వస్తారో వాచీ చూసుకోండి. బెల్ చేతికి అందేలా లేకపోయినా, అసలు మోగకపోయినా ఆ హోమ్ సంగతి మీకు అక్కడే తెలిసిపోతుంది.

బాత్రూం మాత్రం బయటినుంచి తొంగిచూసి వచ్చేయకండి. మీ అత్తయ్య పడింది అక్కడే కదా. లోపలికెళ్లి కమోడ్ పక్కన కడ్డీని రెండు చేతులతో లాగి చూడండి, కొన్నిచోట్ల టైల్‌కి ఊరికే తగిలించినట్టుంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు అడుగేసి చూడండి. వాకర్ లోపలికి పడుతుందా, గడప ఎత్తుగా ఉందా, లోపల గడియ పెట్టుకుంటే బయటినుంచి తీయగలరా? రిటైర్మెంట్ హోమ్‌లు ఎలా కట్టాలో కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో మోడల్ మార్గదర్శకాలు ఇచ్చింది, జారని ఫ్లోరింగ్, వీల్‌చెయిర్ పట్టే తలుపులు ఇవన్నీ వాటిలో ఉన్నాయి. కానీ మామూలు ఇంటిని హోమ్‌గా మార్చినచోట ఇవి ఎంతవరకు ఉంటాయో మీరే చూసుకోవాలి. కూకట్‌పల్లి హోమ్‌తో ఉన్న పెద్ద అనుమానం నాకదే. మూడో అంతస్తులో గది ఇస్తే లిఫ్ట్‌కి జనరేటర్ ఉందో లేదో అడగండి, లేదంటే కింది గదే కావాలని పట్టుబట్టండి.

ఇక ఇన్సులిన్. ఎవరు ఇస్తారు, ఎక్కడ రాస్తారు? ఆ రిజిస్టర్ చూపించమనండి. వేరేవాళ్ల పేర్లు కనపడకుండా ఒక పేజీ చూపిస్తే చాలు. షుగర్, బీపీ అంకెలు రోజుకో రకంగా, వేర్వేరు చేతిరాతల్లో, అక్కడక్కడా కొట్టివేతలతో ఉంటే సంతోషించండి. వారమంతా ఒకే పెన్నుతో 120/80, 120/80 అని వరసగా ఉంటే అది ఎవరో కుర్చీలో కూర్చుని నింపింది. ఇంకో సంగతి, చాలా హోమ్‌లలో స్టాఫ్ తొందరగా పని ముగించుకోవడానికి సాయంత్రం ఆరున్నరకే భోజనం పెట్టేస్తారు, మళ్లీ టిఫిన్ పొద్దున ఎనిమిదిన్నరకి. ఇన్సులిన్ తీసుకునే మనిషికి మధ్యలో పద్నాలుగు గంటలు ఏమీ లేకపోతే రాత్రి షుగర్ పడిపోవచ్చు. పడుకునే ముందు పాలో రెండు బిస్కెట్లో ఇస్తారా, చెమటలు పట్టి మాట తడబడితే ఏం చేయాలో రాత్రి ఆయాకి తెలుసా? ఈ ప్రశ్న మేనేజర్‌ని కాదు, ఆయానే అడగండి.

డబ్బు దగ్గర, నెలకి 34 వేలు అంటే 34 వేలే కాదు. డైపర్లు, ఫిజియోథెరపీ, అంబులెన్స్, ఆసుపత్రిలో చేరిస్తే పక్కనుండే అటెండరు, ఇవన్నీ వేరేగా బిల్లు వేస్తారేమో కాగితం మీద రాయించుకోండి. ధార్మిక సంస్థగా ఆదాయపు పన్ను శాఖలో నమోదైన వృద్ధాశ్రమం 60 ఏళ్లు దాటినవాళ్ల దగ్గర నెలకి 25 వేల లోపు తీసుకుంటే దానిమీద జీఎస్టీ లేదు. ఈ రెండూ ఆ లెక్క దాటినవే కాబట్టి, చెప్పిన రేటు జీఎస్టీతో కలిపా విడిగానా అని అడగండి. ప్రభుత్వ టీచరుగా రిటైరైతే ఈహెచ్‌ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉండే ఉంటుంది, ఎమర్జెన్సీలో వాళ్లు తీసుకెళ్లే ఆసుపత్రిలో అది చెల్లుతుందా? 70 దాటినవాళ్లకి ఐదు లక్షల దాకా వైద్యానికి పనికొచ్చే ఆయుష్మాన్ వయో వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఈహెచ్‌ఎస్ ఉన్నవాళ్లు రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి, తొందరపడి మార్చేయకండి.

అగ్రిమెంట్‌లో రెండు చోట్ల మాత్రం ఒకటికి నాలుగుసార్లు చదవండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, అందులో ఏం కోసుకుంటారు అనేది ఒకటి. మనిషి మంచాన పడినా, మతిమరుపు ముదిరినా ఉంచుకుంటారా అనేది రెండోది. ‘నర్సింగ్ కేర్ అవసరమైతే ఖాళీ చేయాలి’ అన్న ఒక్క లైను ఎక్కడో చివర్లో ఉంటుంది, సరిగ్గా మనకి వాళ్లు కావాల్సిన రోజున ఆ లైను బయటికి తీస్తారు. శామీర్‌పేట లాంటి పెద్ద క్యాంపస్‌లు చాలావరకు తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్ల కోసం మొదలైనవి, అక్కడ ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

అత్తయ్య కన్నీళ్ల గురించి. ఆవిడని తీసుకెళ్లకుండా మీరు హోమ్‌లు చూసొచ్చారనుకుంటా, ఉత్తరంలో ఎక్కడా ఆవిడ చూసినట్టు లేదు. తీసుకెళ్లండి. అక్కడ ఒక పూట భోంచేయనివ్వండి, అక్కడుండే పెద్దవాళ్లతో మీరు పక్కన లేకుండా మాట్లాడనివ్వండి. క్లాసు నిండా పిల్లల్ని కనిపెట్టుకున్న మనిషి, ఎవరు నిజం చెప్తున్నారో మీకంటే ముందే పట్టేస్తారు. డిపాజిట్ కట్టకుండా ఒక నెల ఉండి చూసే ఏర్పాటు అడగండి, ఒప్పుకోని చోట ఆశ వదులుకోండి. నచ్చకపోతే తిరిగి వచ్చేయొచ్చని ఆవిడకి మాటివ్వండి, వస్తానంటే తీసుకురండి కూడా.

అడగలేదు గానీ చెప్తాను, తెనాలిలో ఆవిడకి ఇల్లుంటే అది ఆవిడ పేరునే ఉండనివ్వండి. చేర్పించే హడావిడిలో ఎవరి పేరునో రాయించే మాట వస్తే, 2007 నాటి వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ఒకసారి చదివించుకోండి. చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చాక చూసుకోకపోతే ఆ గిఫ్ట్ డీడ్‌ని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. పిల్లల్లేనివాళ్ల ఆస్తికి వారసులయ్యే బంధువులు, స్తోమత ఉంటే వాళ్ల పోషణ చూడాలని కూడా అదే చట్టం చెప్తుంది, అంటే ఆవిడ ఆస్తి మీకు వచ్చేదైతే ఇది మీకూ మీ తమ్ముడికీ కూడా వర్తించేదే. హోమ్‌లో ఏదైనా తేడా వస్తే వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉంది, ఆ నంబరు ఆవిడ ఫోన్‌లో కూడా వేసి ఇవ్వండి.

మీ తమ్ముడు ఎలాగూ 55 వేలకి సిద్ధపడ్డాడు కదా, కూకట్‌పల్లి కుదిరితే మిగిలే 21 వేలలోంచి వారానికి మూడు రోజులు ఫిజియోథెరపిస్టుని అక్కడికే పంపించమనండి.