కోబ్రా కిట్ కారులో డ్రైవర్ వైపు హెడర్ మళ్లీ మళ్లీ లీకవుతోంది, ఇంజిన్ దించక తప్పదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కోబ్రా రెప్లికా (పాత స్పోర్ట్స్ కారుకు నకలు), ఫోర్డ్ 302 వీ8 ఇంజిన్, స్టీరింగ్ ఎడమ వైపు, హెడర్ (ఇంజిన్ పొగను బయటికి తెచ్చే గొట్టాల గుత్తి) దగ్గర ఏడాదిలో మూడు గాస్కెట్లు (సందు మూసే పొరలు) మార్చారు, అయినా పొద్దున స్టార్ట్ చేయగానే డ్రైవర్ వైపు నుంచే టిక్ టిక్ మంటోంది, కుడి పక్క లీకు లేదు, వెనక బోల్టుకు పానా పట్టడం లేదు, ఇంజిన్ బయటికి తీసి చేయాలా అని.

తీయొద్దు. నాలుగో గాస్కెట్ కూడా ఇప్పుడే కొనొద్దు. మూడు గాస్కెట్లు ఒకే చోట పోయాయంటే తప్పు గాస్కెట్‌ది కాదు, దాన్ని నొక్కి పట్టుకోవాల్సిన ఇనుముది. నాకు ఇది తెలియడానికి రెండు వేసవులు పట్టింది, మీకు అంత పట్టకూడదని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నేను మిషిగన్‌లో ఉంటాను, డెట్రాయిట్ శివారు. మా ఇంటి గరాజ్‌లోనే కట్టుకున్న కోబ్రా రెప్లికా, పాత ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచి తీసిన 302 ఇంజిన్. 1962లో అమెరికన్ రేసర్ కారోల్ షెల్బీ ఇంగ్లండ్ నుంచి తెప్పించిన ఏసీ అనే కంపెనీ చిన్న కారులో ఫోర్డ్ వీ8 దూర్చినప్పుడే ఈ ఇరుకు మొదలైంది, మనం ఆ కొలతలనే కాపీ కొట్టి కట్టుకుంటున్నాం కాబట్టి ఆ ఇరుకూ మనకే వచ్చింది. ఎడమ వైపు హెడర్ పక్కనే స్టీరింగ్ షాఫ్ట్, దాని వెనకే ఫుట్‌బాక్స్ (డ్రైవర్ కాళ్లు పెట్టుకునే పెట్టె) రేకు. 7, 8 సిలిండర్ల దగ్గర నా చెయ్యి మణికట్టు దాకా వెళ్తుంది, అక్కడ తిరగదు.

ముందు అది నిజంగా ఎక్కడ లీకవుతోందో పట్టుకోండి. ఇంజిన్ నడుస్తుండగా చెవి పెట్టి వెతికితే శబ్దం అటూ ఇటూ కొట్టుకుని తప్పుడు చోటు చూపిస్తుంది, నేను మొదట 6వ సిలిండర్ అనుకుని ఒక శనివారం మొత్తం పోగొట్టుకున్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు షాప్ వ్యాక్ (గరాజ్‌లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్) గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి, సైడ్ పైపు (కారు పక్కన సాగే పొగ గొట్టం) చివర పెట్టి, చుట్టూ పాత బట్ట కుక్కి ఆన్ చేయండి. గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి ప్రతి పోర్టు (సిలిండర్ పొగ బయటికొచ్చే రంధ్రం) చుట్టూ, ప్రతి వెల్డింగ్ చుట్టూ కొట్టండి. లీకున్న చోట నురగ పొంగుతుంది. తెరిచి ఉన్న వాల్వుల్లోంచి కొంత గాలి పోతుంది, దాన్ని పట్టించుకోవద్దు. నాకు 8వ పోర్టు కింది అంచున వేలెడు మేర బుడగలు వచ్చాయి, చిన్న అద్దం పెట్టి చూస్తే అక్కడే సిలిండర్ హెడ్ మీద విసనకర్రలా పరుచుకున్న మసి. ఆ మసి ఆకారం చూశాక ఇక అనుమానం లేదు. మీకు బుడగలు గాస్కెట్ దగ్గర కాకుండా గొట్టం ఫ్లాంజ్‌కు (హెడ్‌కు బిగించే హెడర్ పలకకు) అతికిన వెల్డింగ్ దగ్గర వస్తే మాత్రం అది పగులు, గాస్కెట్లు ఎన్ని మార్చినా లాభం లేదు, విప్పి టిగ్ వెల్డింగ్ చేయించాల్సిందే.

చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్ మని, వేడెక్కాక తగ్గిపోతే అది దాదాపు ఎగ్జాస్ట్ లీకే, లోహం వ్యాకోచించి సందు మూసుకుంటుంది. అలా తగ్గిపోతోంది కదా అని వదిలేయకండి. ఫుట్‌బాక్స్ రేకు సందుల్లోంచి ఆ పొగ మీ కాళ్ల దగ్గరికే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పైన కప్పు లేని కారే కదా అనుకుంటాం గానీ నాకు గంట ప్రయాణం తర్వాత తలనొప్పి వచ్చేది, ఎండ వల్ల అనుకునేవాణ్ని. లీకు కట్టాక మళ్లీ రాలేదు. గరాజ్ ఇంటికి అంటుకుని ఉంటే లోపల స్టార్ట్ చేసి పరీక్షించొద్దు, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే ఈ పని మొదలుపెట్టే ముందు అదే కొనండి. ఇంకొకటి, ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ అయితే ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న లీకులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, కంప్యూటర్ అది చూసి పెట్రోల్ తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది. ప్లగ్గులు నల్లబడుతుంటే దాన్ని కూడా దీనికే ముడిపెట్టి చూడండి.

ఇప్పుడు అసలు కారణం. మా వీధిలో టూల్ అండ్ డై (ఫ్యాక్టరీ అచ్చులు, పనిముట్లు చేసే) పనిలో జీవితమంతా గడిపి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నారు, నేను మూడోసారి హెడర్ విప్పబోతుంటే వచ్చి, హెడర్ ముట్టుకోకుండా ముందు సైడ్ పైపు బోల్టులు వదులు చేయమన్నారు. వదులు చేశాను. ఆఖరి బోల్టు వదలగానే పైపు టక్కున కిందికీ బయటికీ జరిగింది, కొలిస్తే 8 మిల్లీమీటర్లు. అంటే ఇన్నాళ్లూ ఆ పైపును బలవంతంగా లాగి బిగించి ఉంచాను, ఆ లాగుడంతా వెనక ఉన్న 8వ పోర్టు మీద పడుతోంది. దానికి తోడు నేను సైడ్ పైపు వెనక బ్రాకెట్టును నేరుగా ఛాసిస్‌కు ఇనుముకు ఇనుము బిగించాను. ఇంజిన్ ఏమో రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఈ ఇంజిన్లు ఎడమ పక్క పైకి లేస్తాయి, డ్రైవర్ వైపు మౌంటే ముందు చిరిగేది అందుకే. ఇంజిన్ లేస్తుంది, పైపు కదలదు, మధ్యలో నలిగేది గాస్కెట్. కుడి పక్క లీకు లేకుండా ఎడమ పక్కే ఎందుకు వస్తోందని మీరు రాశారు చూడండి, మీకూ ఇదే అయ్యుంటుందని నా నమ్మకం. ముందు మౌంట్ చిరిగిందేమో చూడండి, తర్వాత బ్రాకెట్టుకు రబ్బరు ఐసోలేటర్ పెట్టండి, పైపు దానంతట అది వచ్చి కూర్చునేలా బ్రాకెట్టు రంధ్రాన్ని సాగదీయండి. చేత్తో పట్టుకుంటే బోల్టు దూరాలి, జాకీ పెట్టి ఎత్తాల్సి వస్తే అది తప్పు.

రెండో తప్పు ఫ్లాంజ్‌లో ఉంది. హెడర్ విప్పాక స్టీల్ స్కేలును దాని పొడవునా అంచు మీద నిలబెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) దూర్చండి. నాది రెండు చివర్లలో 0.4 మిల్లీమీటర్ల సందు చూపించింది, పైగా పోర్టుల చుట్టూ వెల్డింగ్ గడ్డలు ఫ్లాంజ్ ముఖం కన్నా పైకి ఉన్నాయి. మామూలు కాంపోజిట్ గాస్కెట్ అంత తేడాను పూడ్చలేదు. పెద్ద ఆకురాయితో ముందు ఆ గడ్డలు అరగదీసి, తర్వాత మందపాటి గాజు పలక మీద ఎమరీ గుడ్డ అతికించి ఫ్లాంజ్‌ను దాని మీద రుద్దాను. మార్కర్‌తో ముఖమంతా గీతలు గీసి రుద్దితే ఎక్కడ తగులుతోందో ఎక్కడ తగలట్లేదో కనిపిస్తుంది. రెండు సాయంత్రాలు పట్టింది, సందు 0.1కి వచ్చాక ఆపాను. దగ్గర్లో మెషిన్ షాప్ ఉంటే వాళ్లకివ్వండి, గంట పని.

చాలామంది చెప్పని విషయం ఇంకొకటి ఉంది. ఫ్లాంజ్ పొడవు ఇంచుమించు 40 సెంటీమీటర్లు. అది చల్లగా ఉన్నప్పటి కన్నా 250 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది, నీళ్లతో చల్లబడే ఇనుప హెడ్ మాత్రం 0.3 దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు తేడా ఎక్కడికైనా పోవాలి కదా, చివరి బోల్టు రంధ్రాలు బిగుతుగా ఉంటే ఫ్లాంజ్ విల్లులా వంగుతుంది లేదా బోల్టు తెగుతుంది. 302కు ఒక్కో పోర్టుకు రెండు చొప్పున పక్కకు 8 బోల్టులు, 3/8 అంగుళం సైజువి. మధ్య రంధ్రాలను అలాగే ఉంచి చివరి నాలుగింటిని 7/16 అంగుళం డ్రిల్‌తో పెద్దవి చేశాను.

ఇక చెయ్యి పట్టని సంగతి. ఇంజిన్ బయటికి తీయక్కర్లేదు గానీ రెండు అంగుళాలు ఎత్తాలి. మౌంట్ బోల్టులు తీసి, పైనుంచి హోయిస్ట్‌తో ఎత్తండి. జాకీని ఆయిల్ పాన్ కింద పెట్టొద్దు, రేకు నొక్కుకుపోతుంది. ఎత్తేముందు రేడియేటర్ గొట్టాలు, క్లచ్ కేబుల్ లాగుతున్నాయేమో చూసుకోండి. స్టీరింగ్ షాఫ్ట్‌ను కూడా తీసేయండి, కానీ జాయింటు రెండు పక్కలా పెయింటుతో ఒకే గీత గీసి, స్టీరింగ్ కదలకుండా కట్టేసి తీయండి, తిరిగి బిగించాక పించ్ బోల్టు (జాయింటును షాఫ్ట్ మీద బిగించే బోల్టు) రెండుసార్లు తనిఖీ చేయండి. ఇందులో తొందర పనికిరాదు.

నేను చేసిన వాటిలో ఎక్కువ కలిసొచ్చింది ఫుట్‌బాక్స్‌లో తలుపు. ఇంజిన్ వైపు అల్యూమినియం రేకు రివెట్లు డ్రిల్ చేసి తీసేసి, చేతి వెడల్పు కంత కోసి, దాని మీదికి కొంచెం పెద్ద రేకు స్క్రూలతో, మధ్యలో వేడికి ఆగే సీలుతో బిగించాను. ఇప్పుడు 8వ పోర్టు వెనక బోల్టు పెడల్స్ దగ్గర పడుకుని చూస్తే ఎదురుగా కనిపిస్తుంది. ఆ సీలు మాత్రం గట్టిగా ఉండాలి, పొగ అక్కడి నుంచే లోపలికి వస్తుంది.

బోల్టుల విషయంలో 9/16 తల ఉన్నవి పారేసి, 3/8 పానాతో తిరిగే చిన్న తల హెడర్ బోల్టులు కొనండి, గొట్టం వంపుకూ తలకూ మధ్య కాస్త చోటు దొరుకుతుంది. ఒక మామూలు పానాను సగానికి కోసి పెట్టుకున్నాను, ఇంత చోట్లో ఏ ఖరీదైన పనిముట్టు కన్నా అదే ఎక్కువ ఉపయోగపడింది. బోల్టుల బదులు స్టడ్లు (హెడ్‌లోంచి పొడుచుకొచ్చే మర కడ్డీలు) పెడితే మంచిదని కొందరంటారు, చోటున్న కారులో నిజమే, మన కారులో హెడర్ ఏటవాలుగా వస్తేగానీ లోపలికి రాదు, స్టడ్లు అడ్డం పడతాయి. బదులుగా గాస్కెట్ కింది రంధ్రాలను కిందికి తెరుచుకునేలా కత్తిరించండి, కింది బోల్టులు ముందే నాలుగు చుట్లు ఎక్కించి గాస్కెట్‌ను పైనుంచి జార్చొచ్చు. ప్రతి బోల్టునూ వేళ్లతోనే మొదలుపెట్టాలి, నికెల్ యాంటీ సీజ్ (మర పట్టేయకుండా రాసే పూత) కొద్దిగా రాసి. వేళ్లతో తిరగకపోతే ఆగి హెడర్‌ను కదపండి, పానాతో బలవంతం చేస్తే హెడ్‌లో మర పోతుంది. అన్నీ ఎక్కాకే మధ్య నుంచి చివర్లకు రెండు దఫాలుగా బిగించండి, నేను 20 ఫుట్ పౌండ్ల దగ్గర ఆపాను.

గాస్కెట్ ఏది అంటే నా ఓటు మందపాటి గ్రాఫైట్ రకానికి, బిగిస్తే సగానికి నలిగి చిన్న చిన్న ఎత్తుపల్లాలను పూడ్చేస్తుంది. అయితే ఒకసారి నలిగినదాన్ని మళ్లీ వాడలేం. రాగి రంగు సిలికాన్ సీలెంట్‌ను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, పైనుంచి పుట్టీ పూయడం అసలే వద్దు, రెండు వారాల్లో పెచ్చులూడుతుంది. హెడర్‌కు గుడ్డ చుట్టడం కూడా నాకు ఇష్టం లేదు, మామూలు స్టీలు గొట్టం దాని కింద చెమ్మ పట్టి తుప్పెక్కుతుంది, పగులు వచ్చినా కనిపించదు. స్టీరింగ్ జాయింటు వేడెక్కుతుంటే మధ్యలో రేకు కవచం పెట్టండి.

మీ హెడ్స్ జీటీ40పీ రకమైతే ఒక్క మాట. 1997 తర్వాతి ఎక్స్‌ప్లోరర్ వీ8లలో వచ్చేవి అవే, వాటిలో స్పార్క్ ప్లగ్గుల కోణం వేరు. మామూలు 302 హెడర్ పెడితే ప్లగ్ వైరు గొట్టానికి తగిలి కాలుతుంది, ఆ కరెంటు చిటపట కూడా అచ్చం లీకు టిక్ టిక్ లాగే వినిపిస్తుంది. చీకట్లో బానెట్ ఎత్తి నీలి మెరుపు కనిపిస్తుందేమో చూడండి, ఒక్క నిమిషం పని.

బిగించాక ఒకసారి పూర్తిగా వేడెక్కనిచ్చి, రాత్రంతా చల్లారాక పొద్దున మళ్లీ అన్ని బోల్టులూ తనిఖీ చేయండి. నాకు మొదటిసారి ఎనిమిదిలో ఐదు కొద్దిగా తిరిగాయి, రెండోసారి ఒక్కటే, మూడోసారి ఏదీ కదల్లేదు. ఆ ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కు (మా దగ్గర ఏటా జరిగే పాత కార్ల ఊరేగింపు) ఫెర్న్‌డేల్ నుంచి పాంటియాక్ దాకా ఎండలో, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నడిపాను, టిక్ టిక్ లేదు. అప్పటి నుంచి మూడు వేసవులు గడిచాయి, అదే గాస్కెట్ ఉంది.

మీరు ఈ వారం హెడర్ ముట్టుకోకుండా సైడ్ పైపు బోల్టులు మాత్రం వదులు చేసి, అది ఎటు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలిచి కింద రాయండి, వెనక బ్రాకెట్టు ఫొటో కూడా పెట్టండి. అవి చూసి రబ్బరు ఎక్కడ పెట్టాలో, ఫ్లాంజ్ విప్పాల్సిన అవసరం ఉందో లేదో చెప్తాను.