గర్భంతో ఉన్నప్పుడు థైరాయిడ్ మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. హైపోథైరాయిడ్‌కు (థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారయ్యే సమస్యకు) రెండేళ్లుగా రోజూ 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడు నాకు ఎనిమిదో వారం. మందులు బిడ్డకు మంచివి కావని మా అత్తయ్యగారు అనడంతో పది రోజుల క్రితం మాత్ర మానేశాను. నిన్నటి రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే సూచిక) 6.2 ఉంది. మళ్లీ మొదలుపెట్టవచ్చా?
- ఒక సోదరి, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: తప్పకుండా మొదలుపెట్టాలి. రేపు ఉదయమే మాత్ర వేసుకుని, ఈ వారంలోనే మీ డాక్టరును కలవండి. గర్భిణులు మందుల విషయంలో జాగ్రత్తగా ఉండాలన్న మీ అత్తయ్యగారి మాట సబబే. అయితే ఈ మాత్రలోని లీవోథైరాక్సిన్ మన థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోనే. కడుపులోని బిడ్డ తనకు కావలసినంత హార్మోన్‌ను సొంతంగా తయారుచేసుకునే స్థితికి రావడానికి ఇంచుమించు 18 నుంచి 20 వారాలు పడుతుంది కాబట్టి, అంతవరకు మెదడు ఎదుగుదలకు అవసరమైన హార్మోన్ తల్లి రక్తం నుంచే అందాలి. ఈ విషయం ఆవిడకు కూడా చెప్పండి, ఆవిడ బెంగ కూడా బిడ్డ గురించే కదా.

పాత మోతాదు ఇక సరిపోకపోవచ్చు. గర్భం వచ్చాక చాలామందికి 25 నుంచి 30 శాతం వరకు పెంచవలసి వస్తుంది. టీఎస్‌హెచ్ 2.5 కంటే తక్కువలో ఉండేలా డాక్టరు మోతాదు నిర్ణయిస్తారు. సగం నెలలు గడిచేవరకు నాలుగు వారాలకోసారి, తరువాత 30వ వారం దగ్గర మరోసారి పరీక్ష చేయించుకోవాలి.

మోతాదు సరిగ్గా ఉన్నా, వేసుకునే పద్ధతి వల్ల మందు ఒంటికి పట్టకపోవడం తరచుగా చూస్తుంటాం. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీ అయినా టిఫిన్ అయినా కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తీసుకోండి. గర్భిణులకు ఇచ్చే ఐరన్, క్యాల్షియం మాత్రలు ఈ మందును పేగుల్లోనే అడ్డుకుంటాయి కనుక, వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం తప్పనిసరి. వేవిళ్ల వల్ల ఉదయం మాత్ర కడుపులో నిలవకపోతే, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత వేసుకోవచ్చేమో మీ డాక్టరును అడగండి. వంటకు సైంధవ లవణం వాడుతుంటే మానేసి, అయోడిన్ కలిపిన ఉప్పుకు మారండి.

కాన్పు అయ్యాక సాధారణంగా పాత మోతాదుకే తగ్గించి, ఆరు వారాలకు మళ్లీ పరీక్షిస్తారు. పాలిచ్చే రోజుల్లోనూ ఈ మాత్ర వేసుకోవచ్చు. బిడ్డ పుట్టిన మూడు నుంచి అయిదు రోజుల లోపు మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే థైరాయిడ్ పరీక్షను మాత్రం మీరే గుర్తుచేసి చేయించండి.