బ్యాండ్ లీడర్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. పెద్ద పేరున్నవాళ్ల మీద ఎవరైనా రాస్తారు. నువ్వు ఊళ్లో బ్యాండ్ నడిపే మనిషిని ఎంచుకున్నావు, బాగుంది. కానీ సగం వ్యాసం హాజరుపట్టీలా నడిచింది. గిటారిస్టు మానేశాడు, కీబోర్డుకి కొత్తాయన వచ్చాడు, సింగర్ వెళ్లిపోయింది, డ్రమ్మర్‌కి వేరేచోట ఉద్యోగం దొరికింది. ఇంతమంది వచ్చిపోయినా ఆ బ్యాండ్ ఎలా వినిపిస్తుందో మాత్రం నాకు తెలీలేదు.

మనిషి మారినప్పుడు పాటలో ఏం మారిందో పట్టుకో. ఒక్క పాట చాలు. మొదట్నుంచీ ప్రతి ప్రోగ్రాంలో వాయిస్తున్నది ఏదో లీడర్నే అడిగి, దాని వెంట పడు. ఆ పాటని పాత సింగర్ 'ఈ' మేజర్ (E major) స్కేల్‌లో పాడేదనుకో. మామూలు ట్యూనింగ్‌లో నాలుగు తీగల బేస్ గిటార్‌కి అన్నిటికన్నా కింది స్వరం ఆ 'ఈ'నే. తీగని అలా వదిలేసి మీటితే చాలు, పాటకి కావలసిన బరువంతా వచ్చేస్తుంది. కొత్తమ్మాయికి అంత పైకి గొంతు అందదు, ఒక టోన్ దించి 'డి'లో పాడతానంటుంది. వినడానికి చిన్న మార్పే. కానీ ఆ బేస్‌లో అంత కింద 'డి' లేదు. పై స్థాయిలో వాయిస్తే పాట అడుగున పలచబడుతుంది. తీగని ఒక టోన్ వదులు చేస్తే 'డి' దొరుకుతుంది గానీ, ఆ తీగ మీద ఇన్నాళ్లూ అలవాటైన చోట్లన్నీ రెండేసి ఫ్రెట్లు (గిటార్ మెడ మీది అడ్డకమ్మీలు) పైకి జరుగుతాయి. గిటారిస్టు ఓపెన్ తీగలతో (వేలు నొక్కకుండా) మోగించే కార్డ్‌లూ, అంటే కలిసి మోగే స్వరాల గుంపులూ, మారిపోతాయి.

ఇప్పుడు చూడు మీ లీడర్ని. సింగర్‌ని ఇంకాస్త సాధన చెయ్యమన్నాడా? బేసిస్టుని సర్దుకోమన్నాడా? లేక పాటనే పక్కన పెట్టేశాడా? ఆయన మీద నువ్వు వాడిన విశేషణాలన్నిటికంటే ఆ ఒక్క నిర్ణయం ఎక్కువ చెబుతుంది.

లీడర్లందరూ ఒకేలా ఉండరు. అమెరికన్ జాజ్ బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎలింగ్టన్ వాద్యం కోసం కాదు, వాయించే మనిషి కోసం రాసేవాడు. 1929లో ట్రంపెట్ వాయించే బబర్ మైలీ బ్యాండ్ వదిలి వెళ్లాక ఆ చోటులోకి వచ్చిన కూటీ విలియమ్స్ ముందు మైలీ గుర్రుమనే బాణీని పట్టాడు, తర్వాత తన దారి చూసుకున్నాడు. 1940లో అతని కోసమే ఎలింగ్టన్ ఒక రచన చేస్తే, ఆ ఏడాదే అతను వేరే బ్యాండ్‌కి వెళ్లిపోయాడు. 1962లో మళ్లీ వచ్చాడు. ఇన్ని రాకపోకల మధ్య శాక్సఫోన్ వాయించే హ్యారీ కార్నీ మాత్రం 1927 నుంచి 1974లో ఎలింగ్టన్ చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ పద్ధతి వేరు. తన బ్యాండ్ జాజ్ మెసెంజర్స్‌లోకి కుర్రవాళ్లని తెచ్చుకుని, ట్యూన్లు వాళ్లచేతే రాయించుకుని, తను డ్రమ్స్ వెనక కూర్చునేవాడు. కొన్నాళ్లు సంగీత బాధ్యత ఆ బ్యాండ్‌లో శాక్సఫోన్ వాయించిన వేన్ షార్టర్‌దే. రచనలు ఎవరివైనా తాళంలో బ్లేకీ వినిపిస్తాడు. మీ ఆయన ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గరో నువ్వే తేల్చుకో. ఈ పేర్లు మాత్రం వ్యాసంలోకి తేకు, పోలిక ఆయన్ని మింగేస్తుంది.

రిహార్సల్‌కి వెళ్లు. ప్రోగ్రాంకి కాదు, అక్కడ అందరూ నవ్వుతూనే ఉంటారు. కాగితం మీద లేనివి ఏమిటో చూడు. పాట ఎక్కడ ఆగాలో పాతవాళ్లకి ఒంట్లోనే ఉంటుంది, కొత్త డ్రమ్మర్‌కి ఎవరో ఒకరు కళ్లతోనో చెయ్యెత్తో చెప్పాలి. లీడరే చెబుతున్నాడా, లేక అందరూ కీబోర్డు వైపు చూస్తున్నారా? (అలా చూస్తుంటే నీ కథ సగం మారిపోతుంది.) కార్డ్ షీట్ల మీద కొట్టేసిన స్కేళ్లు, పక్కన వేరే చేతిరాతలు ఉంటాయి. అవి ఎవరివో అడుగు.

డబ్బు సంగతీ అడుగు. సిగ్గుపడకు. పేమెంట్ ఎవరి చేతికొస్తుంది, వాటాలు ఎలా, స్పీకర్లు ఎవరివి, బ్యాండ్ పేరు ఎవరిది. మనుషులు వెళ్లిపోవడానికి సంగీతం ఎంత కారణమో ఇదీ అంతే.

'మేమంతా ఒకే కుటుంబం' అని ఆయన అన్న మాట కొట్టెయ్. ప్రతి లీడరూ అంటాడు. 'ఒంటిచేత్తో బ్యాండ్‌ని నిలబెట్టాడు' అని నువ్వు రాసిన చివరి పేరా కూడా ప్రస్తుతానికి తీసి పక్కన పెట్టు. వెళ్లిపోయినవాళ్లలో ఒక్కరితోనూ నువ్వు మాట్లాడలేదు మరి. వాళ్ల గొడవలకి తీర్పు చెప్పడం నీ పని కాదు. తను వాయించిన పాటని ఇప్పుడు ఇంకొకరు ఎలా వాయిస్తున్నారో అడిగితే వాళ్లే మాట్లాడతారు. పాత బేసిస్టుతో మొదలుపెట్టు. నంబరు లీడర్నే అడుగు. వెంటనే ఇచ్చాడా, ఎందుకన్నాడా, అదీ రాసుకుని నాకు పంపు.

నీ
అన్నయ్య