పాత స్క్రిప్టులు కొత్త సర్వర్ మీదికి తీస్కపోతున్నవా అల్లుడా, జర ఆగు

అల్లుడా,

నీ మెసేజ్ చూసిన. మహబూబ్‌నగర్ ఆఫీసుల పాత లినక్స్ సెంటాస్ 7 తీసేసి కొత్త లినక్స్ ఉబుంటు 24.04 ఎక్కిస్తున్న, స్క్రిప్టులన్ని కాపీ కొట్టి పెడితే సరిపోతదా మామా అని అడిగినవు కదా. సరిపోదు. ఎర్రర్ కొట్టి ఆగిపోయేటి స్క్రిప్ట్ గురించి నాకు రంది లేదు, అది నిన్ను పొద్దుగాల్నే లేపుతది. మంచిగ నడిచినట్టే కనవడి లోపల తప్పు రాసేటిది ఉంటది చూడు, దానితోనే పరేషాన్.

మొన్న యాసంగిల మిర్యాలగూడల మాకు గదే అయింది. మిల్లుల కాంటా చిట్టీలు నేను రాసిన బాష్ స్క్రిప్టే (బాష్ అంటే లినక్స్ల కమాండ్లు నడిపే షెల్) తీస్తది, నమూనా ఫైల్ల @పేరు@ అని ఉంటది, దాని జాగల పార్టీ పేరు పెట్టి ప్రింటర్‌కి పంపుడు, అంతే, ఆరేండ్ల సంది నడుస్తుంది. మెషిన్ మార్చిన నాలుగో రోజు ఒక లారీ డ్రైవర్ చిట్టీ తెచ్చి ముందట పెట్టిండు, "ఫలానా & సన్స్" అని ఉండాల్సిన కాడ "ఫలానా @పేరు@ సన్స్" అని పడ్డది. బయట వడ్ల లారీలు లైన్ కట్టినయి, లోపల నేను ప్రింటర్‌ని తిట్టుకుంట ఫాంట్ మార్చిన, నమూనా ఫైల్ మళ్ల టైప్ చేసిన, ఏం లాభం లేదు. గుమాస్తా చిట్టీల కట్ట తిరగేసి "సార్, & ఉన్న పేర్లకే ఇట్లయితుంది, మిగతాయి మంచిగనే ఉన్నయి" అన్నడు. ఇరవై ఏండ్ల సంది షెల్ రాస్తున్న నాకంటే ఆయనకే ముందు దొరికింది.

కథేందంటే, డాలర్ పెట్టి ఫ్లవర్ బ్రాకెట్ల నడుమ స్లాష్‌లతోటి ఒక మాట తీసి ఇంకో మాట పెడతం కదా, 2022 సెప్టెంబర్ల వచ్చిన బాష్ 5.2 సంది ఆ కొత్త మాటల & ఉంటే దాన్ని ఉత్త అక్షరం లెక్క చూడదు, దొరికిన పాత మాటనే అక్కడ మళ్ల పెడతది. టెక్స్ట్ మార్చే కమాండ్ సెడ్‌ల ఎప్పటి సందో ఉన్న పద్ధతే, బాష్‌లకి తెచ్చి డీఫాల్ట్‌గ ఆన్ చేసిన్రు. సెంటాస్ 7ల ఉన్నది బాష్ 4.2, దానికి ఈ సంగతే తెల్వదు.

మందు చిన్నదే, కొత్త మాట ఉన్న వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టు, నేను పెట్టకపోవుడే నా తప్పు. కాని ఇక్కడొక మడతపేచీ ఉంది, ఆ డాలర్ బ్రాకెట్ల మొత్తం చుట్టూ బయట గూడ కోట్స్ ఉంటే 4.2ల ఆ లోపటి కోట్ల గుర్తులు అట్లనే ఔట్‌పుట్ల పడతయి, 4.3 సందే అవి పోతయి. నువ్వు రెండు మెషిన్లు కొన్ని రోజులు పక్కపక్కన నడుపుతవు కాబట్టి ఫలితాన్ని సీదా ఒక వేరియబుల్ల పెట్టు, ఈక్వల్ గుర్తు తర్వాత బయటి కోట్స్ తీసెయ్, లోపటియి ఉంచు, రెండింట్ల ఒకటే తీరు వస్తది. బాష్ సెట్టింగులు మార్చే షాప్ట్ కమాండ్ తోటి ఆ సదుపాయాన్నే బంద్ చెయ్యొచ్చు గని పాత బాష్‌కి ఆ పేరే తెల్వక ఎర్రర్ కొడతది, నాకైతే అది నచ్చదు.

ఇంగ క్రాన్, అదే టైమ్ ప్రకారం స్క్రిప్టులు నడిపేటిది. సెంటాస్ల ఎస్‌హెచ్ అంటే బాషే, ఉబుంటుల 2006ల వచ్చిన 6.10 సంది అది డాష్ అనే ఇంకో చిన్న షెల్. డబుల్ స్క్వేర్ బ్రాకెట్లు, అర్రేలు దానికి ఎక్కవు. ఫైల్ మొదటి లైన్ల బాష్ అనే ఉండొచ్చు, కాని క్రాన్‌ల ఎవడో ముందట ఎస్‌హెచ్ అని పెట్టి ఆ ఫైల్‌ని పిలిస్తే మొదటి లైన్‌ని ఎవ్వడు చూడడు. క్రాన్ పనుల లిస్టు ఉండే క్రాన్‌ట్యాబ్ మొత్తం ఒకపారి చదువు.

శనివారం సీదా మార్చకు. పోయిన నెల ఇన్‌పుట్ తీస్కొని రెండు మెషిన్లల్ల నడిపి, ఫైల్ల తేడాలు చూపే డిఫ్ కమాండ్ కొట్టు, తారీఖుల తేడా వదిలెయ్, మిగతాది ఒక్కొక్క లైన్ చూడు. ఇన్‌పుట్ల వంకర పేర్లు నాలుగు కావాలనే ఏసి పెట్టు, & ఉన్నది, స్టార్ ఉన్నది, నడుమ రెండు స్పేస్‌లు ఉన్నది, ఉత్త ఖాళీది. పదకొండు దాక మేలుకునే ఉంట, సమజ్ కాని లైన్ ఉంటే ఫోటో తీసి పంపు. మీ అత్తకు చెప్పకు, ఫోన్ సైలెంట్ల పెడత.

నీ మామ