పెనెలోపీ ఫిట్జ్‌జెరాల్డ్ కుటుంబం: నాక్స్ అని వెతకండి

సెమినార్ కోసం బ్రిటిష్ రచయిత్రి పెనెలోపీ ఫిట్జ్‌జెరాల్డ్ సాహిత్య కుటుంబం గురించి వెతికితే ఏమీ దొరకట్లేదు, ఈవిడ అమెరికన్ రచయిత స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్‌కి బంధువా అని అడిగారు కదండీ. కాదు. అది భర్త డెస్మండ్ ఇంటిపేరు. పుట్టింటివారు నాక్స్‌లు, ఆ పేరుతో వెతకండి. తండ్రి ఇ.వి. నాక్స్ 'పంచ్' హాస్యపత్రిక సంపాదకులు. ఒక బాబాయి రోనాల్డ్ బైబిల్‌ను అనువదించిన మతగురువు, పైగా డిటెక్టివ్ నవలలూ రాశారు! ఇంకో బాబాయి డిల్విన్ (ముద్దుపేరు 'డిల్లీ') ప్రపంచయుద్ధాల కాలంలో జర్మన్ల రహస్య సంకేతాలు ఛేదించారు. తండ్రి, బాబాయిల గురించి ఆవిడే 1977లో 'ది నాక్స్ బ్రదర్స్' రాశారు. అదొక్కటి సంపాదిస్తే మీ టెన్షన్ సగం తగ్గిపోతుంది.

ఇక కెరీర్ అంటారా, 1916లో పుట్టినావిడ మొదటి పుస్తకం వచ్చింది 1975లో. అప్పటిదాకా టీచరు ఉద్యోగం, ముగ్గురు పిల్లలు, డబ్బు ఇబ్బందులు. కొన్నాళ్లు థేమ్స్ నదిలో పడవ మీదే కాపురం, ఆ పడవ కూడా మునిగిపోయింది. ఆ అనుభవంలోంచి వచ్చిన 'ఆఫ్‌షోర్'కి 1979లో బుకర్ సాహిత్య బహుమతి ఇచ్చారు. ఆవిడ నవలల్లో 'ది బ్లూ ఫ్లవర్' గొప్పదని విమర్శకులు అంటారు గానీ, మీరు ముందు 'ది బుక్‌షాప్' చదవండి. చిన్న నవల, సెమినార్ లోపు అయిపోతుంది.