చుక్కతో కొండకెళ్లే ముందు

చి. శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన వీడియోలన్నీ చూశాను. కాలు కుంటుతూ, దోమ కుడితే దద్దుర్లు వచ్చే మీ ఆడగుర్రం చుక్కని కాలిఫోర్నియాలోని మీ ఊరు బిషప్ నుంచి రాక్ క్రీక్ కొండ లోయ దాకా ట్రైలర్‌లో తీసుకెళ్లి, అక్కణ్ణుంచి పక్కింటివాళ్ల కంచరగాడిద మీద సామాను వేసుకుని నాలుగు రోజులు నడుద్దామని ఉందన్నావు. నాలుగు రోజులు వద్దమ్మా. ఒక్క రాత్రి చాలు. అదీ నేను చెప్పే పరీక్ష నెగ్గితేనే. చుక్క వీపు మీద నువ్వు ఎక్కే ఊసే వద్దు, నీళ్ల సీసా కూడా తగిలించకు.

వీడియోలో మలుపు తిరిగేటప్పుడు కుడి ముందుకాలు నేలకి ఆనినప్పుడల్లా అది తల పైకెత్తుతోంది. నొప్పి కాలు ఆనితే తల లేస్తుంది, మంచి కాలు ఆనితే దిగుతుంది. కొత్తవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి అర్థం చేసుకుని మంచి కాలికి కట్టు కడుతుంటారు. మీ దేశంలో గుర్రాల డాక్టర్లు కుంటుని సున్నా నుంచి ఐదు దాకా లెక్కేస్తారు. ట్రాట్‌లో, అంటే నడకకీ పరుగుకీ మధ్య ఉండే దుడుకు నడకలో, ఎప్పుడు చూసినా కనిపిస్తే మూడు, మామూలు నడకలోనే తెలిసిపోతే నాలుగు, కాలు కింద పెట్టలేకపోతే ఐదు. చుక్కది గట్టి నేల మీద మలుపు తిరిగేటప్పుడే బయటపడుతోంది కాబట్టి నా అంచనాలో రెండు. మూడుకి చేరిందంటే కొండ మాట మరిచిపో. రెండైతే ఆలోచించొచ్చు. గిట్టకి పైనున్న కీలు అరిగిందని మీ డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పారన్నావుగా. అలాంటి గుర్రాన్ని కొట్టంలో కట్టి ఉంచడం కంటే నిదానంగా నడిపించడమే మేలు.

పరీక్ష ఏంటంటే, ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఇంటి దగ్గర ఎత్తుపల్లాలున్న దారిలో రెండు గంటలు నడిపించు. ఆ రోజు ఎలా నడిచిందన్నది అంత ముఖ్యం కాదు, ఒళ్లు వేడెక్కితే నొప్పి దాక్కుంటుంది. మర్నాడు పొద్దున్నే కొట్టంలోంచి బయటికొచ్చే మొదటి పది అడుగులు చూడు. అక్కడ బిగుసుకుని నడిస్తే ఆ దూరం దానికి ఎక్కువైందన్నమాట. ఇంటి దగ్గర ఆరు మైళ్లు హాయిగా నడిచే గుర్రానికి కొండలో పోనూ రానూ కలిపి నాలుగు మైళ్లు పెట్టుకో. వెనక్కి తిరగాల్సింది అలసిపోయాక కాదు, ఇంకా బాగున్నప్పుడే. ముందుకాళ్ల నొప్పికి ఎక్కుడు కన్నా దిగుడే కష్టం, ఎందుకంటే గుర్రం బరువులో 60 శాతం దాకా ముందుకాళ్లే మోస్తాయి. రాతి మెట్లు దిగేచోట పగ్గం వదులుగా పట్టుకుని, అడుగు ఎక్కడ వేయాలో దాన్నే చూసుకోనీ.

పొద్దునా సాయంత్రం నాలుగు గిట్టలూ ఎత్తి గీకి చూడాలి. అరచెయ్యి గిట్ట గోడ మీద ఆన్చి వేడి చూడు, మిగతా మూడింటితో పోల్చు. తర్వాత మడమ పైన, కీలు వెనక వేళ్లు పెట్టి నాడి పట్టు. మామూలుగా అయితే వెతుక్కోవాల్సి వస్తుంది. వేలికి దడదడా కొట్టుకుంటోందంటే లోపల ఏదో నడుస్తోంది. ఇంట్లో రోజూ పట్టుకుని చూడడం అలవాటైతేనే కొండ మీద తేడా తెలుస్తుంది.

నిన్నటిదాకా బాగున్న గుర్రం ఉన్నట్టుండి కాలు ఆన్చలేకపోతే అందరికీ ముందు విరిగిందేమోనన్న భయమే పుడుతుంది. చాలాసార్లు అది గిట్టలో చీము పట్టడమో, రాయి ఇరుక్కోవడమో అయ్యుంటుంది. రాయి తీసేస్తే సరి. చీము పట్టి ఉంటే గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ కలిపి నానబెట్టి, పసిపిల్లల డైపర్ చుట్టి, పైన డక్ట్ టేప్ నాలుగు వరసలు వెయ్యి. మార్కెట్లో ఎన్ని బూట్లున్నా నా ఓటు ఈ డైపర్‌కే. అరికాల్లో మేకు దిగితే మాత్రం వెంటనే పీకకు. ఎంత లోతుకి, ఎటు దిగిందో ఎక్స్‌రేలో చూడాలంటే డాక్టరుకి అది ఉన్నచోటే ఉండాలి. ఇంకా లోపలికి దిగకుండా చుట్టూ మెత్త కట్టి ఫోన్ చెయ్యి. ఆ లోయలో సిగ్నల్‌ని నమ్ముకోకు, శాటిలైట్ పరికరం కొనుక్కో. కాలు వంకర తిరిగినా, ఎముక కదిలినట్టు అనిపించినా ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాడు వేడిగా ఉబ్బితే వాగులో పదిహేను ఇరవై నిమిషాలు నిలబెట్టు. అక్కడి మంచు నీళ్ల కన్నా మంచి మందు లేదు.

బ్యూట్ అనే నొప్పి మాత్రలు పెట్టెలో ఉండనీ, కానీ గుర్రాన్ని నడిపించడానికి వెయ్యకు. నొప్పి తెలియని గుర్రం ఆ కాలి మీద పూర్తి బరువు వేసి, చిన్న గాయాన్ని పెద్దది చేసుకుంటుంది. మందు వేశావంటే ఆ పూట విశ్రాంతే. నీళ్లు తాగని గుర్రానికి బ్యూట్ వేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుళ్లు పడతాయి. బ్యూటూ, బానమైన్ అనే ఇంకో నొప్పి మందూ కలిపి ఎప్పుడూ ఇవ్వకు. బానమైన్ ఇంజెక్షన్‌ని కండరంలోకి గుచ్చొద్దు, అక్కడ ప్రాణాంతకమైన కుళ్లు పట్టిన గుర్రాలున్నాయి. నోట్లో వేసే పేస్టు తీసుకెళ్లు.

ఇక దద్దుర్ల సంగతి. ట్రైలర్ ఆపే చోటి పేరు గమనించావా? మస్కిటో ఫ్లాట్! దోమ కుడితే ఒళ్లంతా బిళ్లలు కట్టే గుర్రాన్ని జూన్, జూలైలలో అక్కడికి తీసుకెళ్లడమంటే దాన్ని విందుకి పెట్టడమే. సెప్టెంబరు దాకా ఆగు. మంచు కరిగిన మడుగులు ఎండుతాయి, రాత్రులు చల్లబడి దోమలూ జోరీగలూ తగ్గుతాయి. కంటికి ఆనని సన్నదోమలున్నాయి చూడు, వాటి కాటుకే జూలు, తోక మొదలు రక్తం వచ్చేలా రుద్దుకుంటుంది. అవి పొద్దు పొడిచేటప్పుడూ గూకేటప్పుడూ నిలవ నీటి దగ్గరే ముసురుతాయి, గాలికి ఎగరలేవు. అందుకని చెరువు గట్టు ఎంత అందంగా ఉన్నా అక్కడ దిగకు, గాలి తగిలే మిట్ట చూసుకో. మామూలు దోమతెరలో కూడా ఇవి దూరతాయి కాబట్టి గుర్రానికి కప్పే తుప్పట సన్నటి అల్లికది కావాలి. కొత్త స్ప్రే ఏదైనా సరే ఇంట్లోనే అరచేతి మేర రాసి రెండు రోజులు చూడు. స్ప్రే పడక దద్దుర్లు వచ్చిన గుర్రానికి, దోమకాటనుకుని అదే స్ప్రే మళ్లీ కొట్టేవాళ్లని చాలామందినే చూశాను.

మేత కూడా అక్కడికక్కడ మార్చకూడదు. చాలా ఫారెస్టుల్లో కలుపు విత్తనాలు లేవని ధ్రువీకరించిన మేతనే రానిస్తారు. ఆ మేతకి వారం పది రోజుల ముందు నుంచే కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి, లేదంటే దద్దుర్లకి కడుపు శూల కూడా తోడవుతుంది. ఎండుగడ్డి దుమ్ముకి దగ్గుతుందన్నావు కాబట్టి గుళికల మేత నీళ్లలో నానబెట్టి పెట్టు. రోజుకి ఇరవై అయిదు నుంచి నలభై లీటర్ల నీళ్లు కావాలి, నానిన మేతతో కొంత కలిసొస్తుంది. ఊపిరి కొట్టంలో నిలబడి ఉండగా నిమిషానికి ఎనిమిది నుంచి పదహారు, గుండె ఇరవై ఎనిమిది నుంచి నలభై నాలుగు. మస్కిటో ఫ్లాట్ 10,200 అడుగులకు పైన ఉంది, మీ బిషప్ 4,150 దగ్గర. కాబట్టి అక్కడ కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడకు. ఇరవై నిమిషాలు ఆగినా గుండె అరవైకి దిగకపోతే ఆ రోజుకి నడక ఆపెయ్.

ఒంటి మీద బిళ్లలు మాత్రమే ఉండి, గుర్రం మేత తింటుంటే చన్నీళ్లతో తుడిచి కనిపెట్టుకుని ఉండు. ముక్కు, పెదాలు వాచి ఊపిరిలో చప్పుడొస్తే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. దానికి ఏ ఇంజెక్షన్, ఎంత డోసు అన్నది ఇప్పుడే మీ డాక్టరు చేత రాయించుకుని, ఎలా వెయ్యాలో ఆయన ముందే నేర్చుకో. స్టెరాయిడ్ ఇస్తానంటే కాలి సంగతి గుర్తుచెయ్యి. కొన్ని గుర్రాల్లో దానివల్ల గిట్ట లోపలి వాపు వచ్చే ప్రమాదం ఉంది, అసలే కుంటుతున్న గుర్రానికి అది అస్సలు పనికిరాదు.

కంచరగాడిద గురించి నువ్వు ఒక్క ముక్క కూడా అడగలేదు, నాకేమో అదే పెద్ద సంగతిగా కనిపిస్తోంది. సైన్యంలో ఉన్నప్పుడు నా బతుకంతా వాటితోనే. 1971 యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కి, వాళ్ల మెషిన్‌గన్‌ని వీపున మోసుకుంటూ మన వైపు నడిచొచ్చేసిన పెడోంగి కథ నీ చిన్నప్పుడు చెప్పానుగా, ఆ జాతి బుర్ర అలాంటిది. కంచరగాడిద ఆడగుర్రాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. అందుకే మీ దేశంలో సామాను మోసే గుంపుల ముందు మెడలో గంట కట్టిన ఆడగుర్రాన్ని నడిపించేవాళ్లు. చుక్కకి గంట కట్టి ముందు నడిపించు, గాడిద వెనకే వస్తుంది. లేచిన దుమ్ము కూడా చుక్క ముక్కులోకి పోదు. ఈ బంధంతో చిక్కూ ఉంది. చుక్కని శిబిరంలో కట్టేసి గాడిదతో సాయం కోసం వెళ్తానంటే అది కదలదు. కదిలినా, ఇక్కడ చుక్క సకిలిస్తూ నొప్పి కాలితో గుండ్రంగా తిరిగి తిరిగి పాడు చేసుకుంటుంది. వస్తే రెండూ రావాలి, ఆగితే రెండూ ఆగాలి. తోడుగా ఇంకో మనిషి ఉండి తీరాలి.

బరువు జంతువు బరువులో ఐదో వంతు దాటకూడదు, వీపున సామాను కట్టే గంతతో కలిపి. మనిషిలా సామాను తనను తాను సర్దుకోదు కాబట్టి ఇంకా తక్కువైతే మేలు, అరవై అయిదు కిలోలు చాలు. రెండు వైపులా పెట్టెలు కాటాకి తగిలించి తూచు, అరకిలో తేడా కూడా ఉండొద్దు. కావడి మోసినవాణ్ణి అడుగు, ఎందుకో చెబుతాడు. గంత కింద బొంత ముడత పడితే సాయంత్రానికి పుండే. దిగుడులో సామాను మెడ మీదకి జారకుండా తోక కింద నుంచి వచ్చే పట్టీ సరిగ్గా ఉందో చూసుకో. గాడిద పగ్గం గుర్రానికి కట్టాల్సి వస్తే మధ్యలో తెగిపోయే సన్నటి పురికొస ముడెయ్యి. ఒకటి జారితే రెండోదాన్ని లాక్కుపోకూడదు. ఇంకో మాట, గాడిదకి నొప్పొస్తే గుర్రంలా చెప్పుకోదు. మేత తగ్గించి చెవులు వేలాడేసిందంటే అప్పటికే చాలా అయిందన్నమాట. దారిలో అది మొండికేసి ఆగితే కర్ర తియ్యకు, ముందు ఏముందో నువ్వెళ్లి చూడు.

జంతువుల్ని రాత్రి ఎక్కడ కట్టొచ్చో, మేయనిస్తారో లేదో పర్మిట్ ఇచ్చే కౌంటర్‌లోనే అడుగు. చెట్టుకి నేరుగా తాడు కట్టొద్దు.

పరీక్ష నడక అయ్యాక మర్నాటి పొద్దుటి వీడియో పంపు. పగ్గం వదులుగా పట్టుకుని, గట్టి నేల మీద, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. పాట పెట్టకు, గిట్టల చప్పుడు నాకు వినాలి. మీ డాక్టరు రాసిచ్చే మందుల చీటీ కూడా ఫొటో తీసి పంపు. అవి చూశాక మాట్లాడుకుందాం.

మీ మావయ్య